మేడ మీద, రెండో శనివారం

పెరంబూరులో మా మెస్సు మేడ మీద
ఒకప్పుడు టైపు నేర్పేవాళ్లు.
ఇరవై మిషన్లు, ఒకటే వాన.
ఆ వాన వెలిశాక
మూడేళ్లు ఆ గదిలో ఉల్లిపాయలు ఆరబోశాను.

ఆదిమూర్తి గారు మధ్యాహ్నం భోజనానికొస్తారు.
రసం రెండుసార్లు. మూడోసారి అడగరు, మొహమాటం.
రికార్డింగు థియేటర్లలో నలభై వయొలిన్ల మధ్య
ఐదో వరసలో కూర్చున్న చెయ్యి ఆయనది.
"నా వాయిద్యం ఊరంతా విన్నదమ్మా,
విడిగా నాకే ఎప్పుడూ వినపడలేదు"
అన్నారొక రోజు, విస్తరి మడుస్తూ.

ఆ రాత్రే ఉల్లిపాయలు కిందికి దింపాను.

ఊరు పెద్దదే. డిసెంబరొస్తే సభలు, పట్టుచీరలు,
క్యాంటీను కాఫీ మీద చర్చలు.
అవన్నీ వంతెనకి అవతల.
ఇవతల మాకు పెళ్లికొక బ్యాండు, చావుకొక మేళం.
మధ్యలో బతికేవాళ్లకి
ఏమీ లేదు.

గోడలకి చెవులుంటాయంటారు.
మా గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి నోళ్లు కుట్టాను.
మైకు అద్దె ఎనిమిది వందలు, బల్లలు మావే.
రైలు పెట్టెలకి బోల్టులు బిగించి రిటైరైన టెరెన్స్
బేసు గిటారుని పాత దుప్పట్లో చుట్టి
పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు.
డిల్లీబాబు చావు ఇళ్ల ముందు తెల్లార్లూ గానా పాడే కుర్రాడు.
నవ్వే మొహాల ముందు పాడటం అదే మొదలు.
మొదటి పాటయ్యాక నా చెవిలో అడిగాడు:
"ఎవరూ ఏడవట్లేదేంటక్కా?"

పదకొండు మంది వచ్చారు.
నలుగురు పార్సిలు కోసం.
ఒకాయన ఫోనులో, రాగం మధ్యలోనే,
ఇంటిస్థలం బేరం తెగ్గొట్టాడు.
ఇంకొకాయన సినిమా పాట వెయ్యమని కేకేశాడు,
గదంతా కొనుక్కున్నట్టు.
డబ్బాలో నూట అరవై రూపాయలు,
మడిచిన బస్సు టికెట్టు ఒకటి.

మర్నాడు మెట్ల దగ్గర బోర్డు రాయించాను:
టికెట్టు యాభై, భోజనంతో తొంభై.
మొదటి విస్తరి పాడేవాళ్లది.
ఉచితమని అడగొద్దు, మా సాంబారే ఉచితం కాదు.
అలిగినవాళ్లు అలిగారు.
మూడో నెలకి కుర్చీలు అద్దెకి తెచ్చాం.

ఐదో నెలలో ఎదురింటి ఏళుమలై మెట్లెక్కాడు.
గూడ్సు బండి డ్రైవరు. రాత్రి పట్టాల మీద, సాయంత్రం మంచం మీద.
గొడవే అనుకుని డిల్లీబాబు చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.
ఆయన గొంతు పెంచలేదు.
"మీ డ్రమ్ము నా మంచం కింద మోగుతోందమ్మా.
ఎనిమిదింటికి లేస్తాను. అప్పటిదాకా ఆగలేరా?"

ఇంతేనా, అనిపించింది.
అడగడానికి ఆయనకి ఐదు నెలలు పట్టింది,
అడగాలని తట్టడానికి నాకు ఐదు నెలలూ చాల్లేదు.
ఎనిమిదికి మొదలు, పావు తక్కువ పదికి ముగింపు.
పోలీసులకీ అదే నచ్చింది.

తర్వాతి నెల మళ్లీ వచ్చాడు.
వీధివైపు కిటికీ మీద అట్ట ఒక్కటి పీకమన్నాడు,
డ్యూటీకి ముందు గడ్డం గీసుకుంటూ వినొచ్చని.

గది ఇంకా బాగుపడలేదు.
ఫ్యాను వేస్తే అదొక శ్రుతి, ఆపితే చెమట.
టెరెన్స్‌కి ఇచ్చిన కవరులో ఆటో డబ్బులకి మించి మిగల్లేదు.
డిల్లీబాబు రెండు నెలలు కనపడలేదు,
కరోనా నాటి అప్పు ఇంకా తీరలేదట.

నిన్న ఆదిమూర్తి గారు ఒక్కరే కూర్చున్నారు,
ముందు వరసలో, వరసలే లేని చోట.
విల్లు మొదటి తీగని తాకినప్పుడు
ఎదురింట్లో మగ్గు అంచున రేజరు టకటకమంటోంది.
కాసేపటికి ఆ టకటక ఆగింది.
మళ్లీ మొదలవుతుందని చూశాను.
అవలేదు.

భోజనాల దగ్గర ఆయన
రసం మూడోసారి అడిగారు.